వినే చోటు

అంబత్తూరు ఎస్టేటు, మూడో మెయిన్ రోడ్డు.
ఐప్పసి వాన షట్టరు కిందనుంచి
నాలుక చాచినంత మేర లోపలికొచ్చి ఆగింది.
నేను చేరేసరికి రాత్రి పదకొండు దాటింది.
ప్రింటరు అప్పటికే మూడు వందల పన్నెండు లేబుళ్ల మీద
అడ్డంగా "వాయిడ్" అని కొట్టి
ఎర్రదీపం వేసుకుని కూర్చుంది.

"రోలు మార్చామమ్మా, అంతే" అన్నారు కోదండపాణి గారు.
ఐదు తరాల మద్రాసు తెలుగు ఆయనది,
సగం మాట అరవంలోకి జారి మళ్ళీ పైకొస్తుంది.
అంతే అన్నంత తేలిగ్గా ఏదీ మారదు సార్,
అనలేదు. బ్యాగు దించి, గొడుగు ముడిచి
కొత్త రోలుని ట్యూబులైటుకి ఎత్తి పట్టాను.

కాగితం లోపల
తడిగోడ మీద నత్త నడిచిన జాడలా
వంకర్లు తిరిగిన అల్యూమినియం తీగ,
నడుమ ఆవగింజలో సగం లేని నల్లచుక్క.
పాత రోల్లో ఆ చుక్క అంచుకి దగ్గర.
ఇందులో ఎక్కడో.
ఆ ఎక్కడో కోసమే నన్ను పిలిచారు.

ఎళిలరసి నవ్వింది. ఏడేళ్లుగా ఈ యంత్రం పక్కన నిలబడ్డ మనిషి.
బొటనవేలు లేబులు మీద జార్చి
చిన్న గడ్డ తగలగానే గోటితో నొక్కి
"ఇంగ" అంది, ఇక్కడే.
స్కేలు పెట్టి చూశాను. పంతొమ్మిది మిల్లీమీటర్లు.
రాసుకున్నాను. నమ్మాననే చెప్పాలి.

తర్వాత క్యాలిబ్రేషన్.
చూడ్డానికేమీ ఉండదు.
లేబులు ఒక మిల్లీమీటరు కదిలి ఆగుతుంది.
యంత్రం లోగొంతుకతో పిలుస్తుంది. పలకదు.
కాస్త గొంతు పెంచుతుంది. పలకదు.
మరో మిల్లీమీటరు.
చీకట్లో వరసగా పడుకున్నవాళ్ల మధ్య
ఎవరి కాళ్లూ తొక్కకుండా
ఒక్కర్నే లేపబోయే మనిషి నడక అది.

ఎంతకీ పలక్కపోతే పవరు పెంచేస్తారు చాలామంది.
పలుకుతుంది, ఎందుకు పలకదు!
పలికేది మాత్రం వెనకది, లేదా ముందుది.
ఎనిమిదో సైజు నంబరు పదో సైజు పొట్టలోకి పోతుంది.
నిరుడు గిండీలో అట్లాగే,
తప్పు నాదే,
ఒక కంటైనరు బూట్లన్నీ ఒక్కో పెట్టె పక్కకి నడిచిపోయాయి.
అప్పట్నించీ నేను కేకల్ని నమ్మను.

మొదటి రెండు విడతలూ తేలలేదు.
ఎళిలరసి స్టీలుడబ్బా తెరిచి
పాడైన లేబుళ్లు నాలుగు బల్ల మీద పరిచి
చింతపండు అన్నం నాకో ముద్ద పెట్టింది.
నూనె తగిలినచోటల్లా కాగితం గాజై
లోపలి వంకర తీగ మెల్లగా పైకి తేలింది.
తింటూ దాన్నే చూశాం ఇద్దరం.

మూడో విడతకి యంత్రం చిన్న చీటీ కక్కింది:
పదమూడు మిల్లీమీటర్లు.
గోటిగుర్తు పంతొమ్మిది.

ఆమె ఒప్పుకోలేదు. మళ్ళీ తడిమింది. మళ్ళీ పంతొమ్మిదే.
"గడ్డ ఇక్కడుంటే అక్కడెందుకు పలుకుతుంది?"
వేలిదీ తప్పు కాదు, యంత్రానిదీ కాదు.
చుక్క ఉన్న చోటు పంతొమ్మిది.
వినే చోటు పదమూడు,
దాని చెవి అటువైపు సాగి ఉంది.

కోదండపాణి గారు చీటీ రెండుసార్లు చదివి
"మా ఆవిడా అంతేనమ్మా,
పక్కన నిలబడి పిలిస్తే వినదు.
మెట్ల కింద గొణిగితే
మేడ మీంచి జవాబొస్తుంది" అన్నారు.

పదమూడు పెట్టాను. పవరు ఇంకో మెట్టు దించాను.
మొదటి లేబులు. రెండోది. ఇరవయ్యోది.
ఎర్రదీపం ఎప్పుడారిందో ఎవరూ చూడలేదు.
గోటిగుర్తున్న లేబుల్ని ఆమె చించి పారెయ్యలేదు,
యంత్రం మూతకి లోపలివైపు అంటించి
పెన్నుతో రెండంకెలూ రాసుకుంది,
తనది పైన, దానిది కింద.

మూడింటికి వాన తెరిపిచ్చింది.
బస్టాపు రేకు కింద నిలబడి ఆటోకి ఫోను చేశాను.
"వినబడలేదు మేడం, గట్టిగా, గట్టిగా" అంటున్నాడు.
గొంతు పెంచలేదు.
నాలుగడుగులు పక్కకి జరిగాను.